నల్లరాతి దీవిలో తెలుగు ఊళ్లు

మారిషస్ దీవి మొత్తం లావాతో ఏర్పడింది. సముద్రం అడుగున నేల చీలి లావా పొంగింది. చల్లారి గట్టిపడింది. దాని మీద మళ్లీ పొంగింది. అలా పొర మీద పొర పేరుకుని, నీటిమట్టం దాటి పైకి లేచిన నేల అది. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చిన్న దీవి. ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు అరవై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. ఇప్పుడక్కడ నిప్పు లేదు. ఆరిపోయి వేల ఏళ్లయింది. క్యూర్‌పైప్ అనే పట్టణంలో ఇళ్ల మధ్యనే పాత అగ్నిబిలం ఒకటి ఉంది. దాని అంచు వెంట రోడ్డు వేశారు. జనం అక్కడ పొద్దున్నే నడకకు వెళతారు. లోపలికి తొంగిచూస్తే చెట్లు, అడుగున కాసిని నీళ్లు.

ఈ దీవిలో తెలుగువాళ్లు నూట ఎనభై ఏళ్లకు పైగా ఉంటున్నారు. చెరుకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల మునిమనవలు, వాళ్ల మనవలు ఇవాళ అక్కడి చిన్న చిన్న ఊళ్లలో స్థిరపడి ఉన్నారు. అగ్నిపర్వతం పోసిన నేల మీద ఒక ఊరుకు మారి బతకడం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే వీళ్ల కథకు మించినది తెలుగునాట మరొకటి దొరకదు.

ముందు రాయి సంగతి. సికింద్రాబాద్‌లోని లాలాగూడకు పొరుగునే మౌలాలి గుట్ట ఉంది. ఆ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మారిషస్‌లో ఎంత పాత రాయి తీసుకున్నా దాని వయసు కోటి ఏళ్లకు లోపే. అంటే మౌలాలి గుట్ట ముందు మారిషస్ దీవి పసిబిడ్డ కూడా కాదు. కానీ తెలుగు నేలకూ ఆ దీవికీ మరో రకం చుట్టరికం ఉంది. అది వినదగ్గది.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కను మీద లావా వరదలా పారింది. ఆదిలాబాద్ వైపు, వికారాబాద్ వైపు కనిపించే నల్లరేగడి ఆ లావా శిథిలమై ఏర్పడిన మట్టే. ఆ లావా పాయ ఒకటి అటు రాజమండ్రి దాకా వెళ్లింది. రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర, గోదావరి అవతల పంగిడి దగ్గర ఇప్పటికీ ఆ నల్లరాయి కనిపిస్తుంది. భూమి లోపల ఎంతో లోతున వేడి ఎగదన్నే చోటు ఒకటుంది. ఆ లావా అక్కడిదే. తర్వాత భారత భూభాగం మెల్లగా ఉత్తరానికి జరిగిపోయింది. వేడి చోటు మాత్రం కింద అలాగే ఉండి, పైన జరుగుతున్న సముద్రపు నేలను ఒక్కొక్కచోట చీల్చుకుంటూ వచ్చింది. లక్షదీవులకు, మాల్దీవులకు పునాదిగా ఉన్న సముద్రగర్భపు కొండలు అలా పుట్టాయి. మారిషస్ అలా పుట్టింది. ఇప్పుడు ఆ వేడి చోటు మారిషస్‌కు పక్కనున్న రీయూనియన్ దీవి కింద ఉంది. అందుకే అక్కడి అగ్నిపర్వతం ఇవాళ్టికీ దాదాపు ఏటా లావా కక్కుతోంది. మరొకసారి చెప్పుకుంటే, రాజమండ్రి పక్కనున్న నల్లరాయీ మారిషస్ నల్లరాయీ ఒకే పొయ్యి నుంచి వచ్చాయి. గోదావరి ఒడ్డు నుంచి ఓడెక్కిన కూలీలకు ఈ సంగతి తెలిసే వీలు లేదు. వాళ్లకు కనిపించింది అడ్డంగా పడి ఉన్న రాళ్లు మాత్రమే.

ఆ కూలీలు ఎక్కిన రేవు కోరంగి. కాకినాడకు దగ్గర్లో, యానాం పక్కన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉంది. ఇవాళ కోరంగి అంటే మడ అడవులు, పడవ షికారు. ఒకప్పుడు అది ఓడలు కట్టే చోటు, దూరదేశాలకు సరుకు వెళ్లే రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెనకు ఆ రేవు నాశనమైంది. తర్వాత కొంత కోలుకున్నా పాత వైభవం మళ్లీ రాలేదు. ఆ రేవు పేరు మాత్రం సముద్రాలు దాటింది. బర్మాలో తెలుగువాడిని కోరంగీ అనేవారు. మారిషస్‌లోనూ అదే పేరు నిలిచింది.

అంతదూరం ఎందుకు వెళ్లారు? కడుపు కోసం. 1832, 33లలో గుంటూరు సీమను కరువు తుడిచిపెట్టింది. గోదావరి డెల్టా అనగానే ఇవాళ పచ్చటి వరిచేలు గుర్తొస్తాయి గానీ, అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. అది 1852లో పూర్తయింది. దానికి ముందు గోదావరి నీళ్లు కళ్ల ముందే సముద్రంలోకి పోతుంటే రైతులు చేలల్లో ఎండు దుబ్బులు చూస్తూ కూర్చున్నారు. మిల్లుబట్ట రావడంతో మగ్గాలు కూడా మూలపడ్డాయి. ఊళ్లోకి ఒక మేస్త్రీ వచ్చి, అయిదేళ్ల పని, నెలకు అయిదు రూపాయలు, పైన తిండి బట్ట అంటే, చెవి ఒగ్గినవాళ్లు తక్కువమంది కాదు.

అవతలి వైపు అవసరం వేరు. మారిషస్‌ను 1810లో ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లు గెలుచుకున్నారు. తోటల యజమానులు మాత్రం ఫ్రెంచివాళ్లే మిగిలారు. చెరుకు తోటల్లో ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలు పనిచేసేవారు. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. చెరుకు నరకడానికి చేతులు కావలసివచ్చాయి. ఆ చేతుల కోసం తోటల దొరలు భారతదేశం వైపు చూశారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షలమంది అక్కడి రేవులో దిగారు. ఎక్కువమంది బీహారు వైపువాళ్లు. తెలుగువాళ్లు అందులో చిన్న భాగం. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు. 1843లో కోరింగా ప్యాకెట్ అనే ఓడ కోరంగి నుంచే కూలీలను తీసుకువెళ్లింది. తర్వాత తర్వాత ఎక్కువమంది మద్రాసు రేవులో ఎక్కారు.

నిజానికి తెలుగువాళ్లు అంతకు ముందే పక్క దీవికి వెళ్లారు. 1828లో యానాంలో, పదిహేనుమంది తెలుగు కూలీలు కాగితం మీద ఒప్పందం చేసి రీయూనియన్‌కు ఓడెక్కారు. అప్పుడు యానాం ఫ్రెంచివాళ్లది, ఆ దీవీ వాళ్లదే. కూలీలు సముద్రం దాటి వెళ్లే ఈ ఒప్పందపు పద్ధతికి అది తొలి రోజుల ప్రయోగం. ఆ ప్రయోగం నిలదొక్కుకోలేదు, చాలామంది వెనక్కి వచ్చేశారు. రీయూనియన్‌లో ఊళ్లు నిప్పుకు ఎంత దగ్గరగా ఉంటాయో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. సేంత్ రోజ్ అనే చిన్న ఊరి పరిధిలో, సముద్రపు ఒడ్డున ఒక చర్చి ఉంది. 1977లో లావా ప్రవాహం కొండ దిగి ఆ ఊరి మీదికి వచ్చింది. ఇళ్లను మింగింది. చర్చి గుమ్మం దాకా వచ్చి, రెండు పక్కలకూ చీలి, చర్చిని చుట్టుకుని ఆగిపోయింది. ఆ నల్లటి గడ్డ ఇప్పటికీ గోడల పక్కనే ఉంది. మారిషస్‌కు వెళ్లినవాళ్లకు ఈ భయం లేదు. వాళ్లకు వేరే భయాలున్నాయి.

ఓడ ప్రయాణం నెలకు పైనే పట్టేది. పోర్ట్ లూయిస్ రేవులో దిగగానే రాతిమెట్లు ఉండేవి. పదహారు మెట్లు. నల్లరాతి మెట్లే. అవి ఎక్కి పైకి వెళితే కూలీల డిపో. దాన్ని ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 1849లో కట్టిన ఆ డిపోను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ ఒకటి రెండు రోజులు ఉంచేవారు. గుమాస్తా రిజిస్టరులో రాసుకునేవాడు. పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, ఏ జిల్లా, ఏ ఊరు. ఒక్కొక్కరికి ఒక నంబరు. గుమాస్తాకు తెలుగు రాదు. చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. అప్పన్న, అప్పడు, సింహాద్రి, వెంకటస్వామి, ఇలాంటి పిలుపు పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో వంకరలు తిరిగి, తర్వాతి తరాలకు అవే ఇంటిపేర్లయ్యాయి. అసలు ఇంటిపేర్లు కోరంగి ఒడ్డునే ఉండిపోయాయి.

డిపో నుంచి తోటకు. తోటలో కేంపు. కేంపు అంటే వరసగా గుడిసెలు, చెరుకాకు కప్పు, మట్టిగోడ. గుడిసె తోటవాళ్లది. బియ్యం, పప్పు, ఉప్పు, ఎండుచేప తోటవాళ్లు తూచి ఇచ్చేవే. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. డబుల్ కట్ అనేవారు దాన్ని. జ్వరమొచ్చి పడుకున్నా కోతే. అయిదేళ్లు పూర్తయినవాడు కూడా స్వేచ్ఛగా తిరగడానికి లేదు. 1860ల నుంచి ఫొటో అంటించిన పాసు దగ్గర ఉండాలి. అది చూపించలేకపోతే పోలీసు పట్టుకునేవాడు. అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట యజమాని ఈ అన్యాయం చూసి ఊరుకోలేదు. 1871లో పాత కూలీల తరఫున అర్జీ రాయించాడు. తొమ్మిది వేల మందికి పైగా సంతకాలు చేశారు. మరుసటి ఏడు లండన్ నుంచి రాయల్ కమిషన్ దిగింది. ఆయన్ను తోటల దొరలు ఎంత తిట్టిపోశారో చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పుకోవాలి. కేంపులో ఉన్నంతకాలం ఆ మనిషి మారిషస్‌కు వచ్చాడే గానీ మారిషస్‌లో స్థిరపడలేదు. లాలాగూడ శ్రోతలకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. నిజాం కాలపు రైల్వే కంపెనీ 1893లో లాలాగూడలో వర్క్‌షాపు పెట్టాక, పని కోసం ఎక్కడెక్కడివాళ్లో వచ్చారు. క్వార్టరు ఇచ్చారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే క్వార్టరు. రిటైరైన మర్నాటి నుంచి తాళంచెవి అప్పగించే తేదీ లెక్కపెట్టుకోవాలి. బయట వంద గజాల జాగా కొని, రెండు గదులు వేసుకున్న రోజున ఆ కుటుంబంవాళ్లు లాలాగూడ మనుషులయ్యారు. మారిషస్ కేంపు సంగతీ అంతే. తోట వదిలితే గుడిసె వదలాలి. కాబట్టి కోరంగి నుంచి పోర్ట్ లూయిస్ దాకా జరిగింది ఒక ప్రయాణం. కేంపు నుంచి ఊరికి జరిగింది రెండో ప్రయాణం. దూరం చూస్తే రెండోది రెండు మూడు మైళ్లు ఉంటుందేమో. కానీ దానికి కొన్ని కుటుంబాలకు ఇరవై ఏళ్లు పట్టింది, కొన్నింటికి రెండు తరాలు పట్టింది.

ఆ రెండో ప్రయాణానికి దారి తెరిచింది చక్కెర ధర. యూరపులో బీటు దుంపల నుంచి చక్కెర తీయడం పెరిగింది. చెరుకు చక్కెర ధర పడిపోయింది. 1880ల నుంచి తోటల యజమానులు డబ్బు కోసం భూములు ముక్కలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఏ భూములు అమ్ముతారు? మంచివి తాము ఉంచుకున్నారు. ఫ్యాక్టరీకి దూరంగా ఉన్నవి, ఏటవాలువి, రాళ్లు నిండినవి అమ్మకానికి పెట్టారు. కొన్నది ఎవరు? పాత కూలీలు. మధ్యలో కూలీల మీద పెత్తనం చేసే సర్దారులు, వ్యాపారులు పెద్ద ముక్క కొని, దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి వాయిదాల మీద ఇచ్చేవారు. కూలీలు ఆవును పెంచి పాలు అమ్మారు. కేంపు వెనక కూరగాయలు వేసి అమ్మారు. అలా కూడబెట్టిన డబ్బుతో అరెకరం, ఎకరం రాళ్ల నేల కొన్నారు.

ఆ రాళ్ల సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. అగ్నిపర్వతపు రాయి తలకాయంత ఉంటుంది, కుండంత ఉంటుంది, ఎడ్లబండంత కూడా ఉంటుంది. గాలి బుడగలు పట్టి చిల్లులు చిల్లులుగా, గరుకుగా ఉంటుంది. ఎత్తితే అరచేతులు గీరుకుపోతాయి. చిన్నవి చేత్తో ఏరారు. పెద్దవాటి కింద గునపం పెట్టి దొర్లించారు. ఏరినవి ఎక్కడ వెయ్యాలి? బయట పారెయ్యడానికి చోటు లేదు. పొలంలోనే ఒకచోట పేర్చారు. వరసలు వరసలుగా గోడలు పేర్చారు, గుట్టలు పేర్చారు. ఇవాళ మారిషస్‌లో బస్సులో వెళుతుంటే పచ్చటి చెరుకు మధ్య ఆ నల్లటి రాతిగుట్టలు కనిపిస్తూనే ఉంటాయి. దక్షిణాన ఉన్న కొన్నిటిని చూసి, అవి ఏ ప్రాచీన నాగరికతవారో కట్టిన పిరమిడ్లని ఊహలు అల్లినవాళ్లూ ఉన్నారు. పొలం బాగుచేసుకున్న కూలీల చేతులకు ఆ మాత్రం పేరు కూడా దక్కనివ్వలేదన్నమాట. రాయి తీసేశాక కింద మిగిలేది ఎర్రటి మట్టి. లావా అరిగి అయిన మట్టి. వాన బాగా పడేచోట అందులో ఏది వేసినా వస్తుంది.

వాన అక్కడ విచిత్రంగా పడుతుంది. దీవి మధ్య ఎత్తు. ఆగ్నేయం నుంచి వచ్చే గాలి ఆ ఎత్తుకు తగిలి వాన కురుస్తుంది. మధ్య భాగంలో ఏడాదిలో ఎక్కువ కాలం తడి, పొగమంచు, చల్లదనం. పడమటి తీరంలో మాత్రం ఎండ, పొడి. అరగంట ప్రయాణంలో గొడుగూ స్వెట్టరూ అక్కర్లేని చోటికి చేరిపోవచ్చు. 1866 నుంచి 68 దాకా మలేరియా దీవిని ఊడ్చేసింది. తీరంలో జనం వేలల్లో చనిపోయారు. డబ్బున్నవాళ్లు చల్లటి ఎత్తు ప్రాంతాలకు పోయి ఇళ్లు కట్టుకున్నారు. క్యూర్‌పైప్ అలా పెరిగిన పట్టణమే. కూలీలు మాత్రం చెరుకు ఉన్నచోటే ఉండాలి కదా.

తెలుగు తీరం నుంచి వెళ్లినవాళ్లకు రాయి కంటే కొత్తగా అనిపించినది ఆకాశం అయి ఉండాలి. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాదిలో ఎక్కువ నెలలు ఉత్తరం వైపు ఉంటాడు. ఇంటి నీడ దక్షిణం వైపు పడుతుంది. ధ్రువ నక్షత్రం అసలే కనిపించదు. అరుంధతి కొన్ని నెలల్లోనే, అదీ ఉత్తరపు దిక్కున నేలకు ఆనుకుని, ఒక కొండ అడ్డమొస్తే కనపడనంత కిందుగా ఉంటుంది. తెలుగు పెళ్లిలో పురోహితుడు చెయ్యి చూపించే చుక్క అది. రుతువులు కూడా తలకిందులే. సంక్రాంతి కాకినాడలో చలిలో వస్తుంది, కొత్త బియ్యంతో వస్తుంది. మారిషస్‌లో జనవరి నడివేసవి. తుపానుల కాలం. చెరుకు నరకడం జూన్‌లో మొదలై డిసెంబరుకు ముగిసిపోతుంది. కాబట్టి సంక్రాంతికి పొలంలో కోతకొచ్చిన పంట ఉండదు. అయినా పండగ తేదీ మారలేదు. ఉగాది కూడా అంతే. వసంతం లేని చైత్రంలో వస్తుంది. ఆ ఉగాది ఇవాళ మారిషస్‌లో దేశమంతటికీ ప్రభుత్వ సెలవు.

తిండిలో మార్పు కంటే కొనసాగింపే ఎక్కువ. బెండకాయ, బీరకాయ, కాకరకాయ, వంకాయ, చేమదుంప, కరివేపాకు, అన్నీ అక్కడ దొరుకుతాయి. మునగాకు వండుకుంటారు. రసం క్రియోల్ వంటల్లో కూడా చేరిపోయింది. పండగనాడు అరిటాకులో అన్నం, చుట్టూ ఏడు రకాల కూరలు వడ్డించే భోజనం దక్షిణాది కుటుంబాల నుంచి వచ్చి దీవి అంతటికీ ఇష్టమైంది.

తుపాను మాత్రం అక్కడా వదల్లేదు. కోరంగి ఉప్పెన చూసిన ఊళ్లవాళ్లు తుపాను దీవికే వెళ్లి పడ్డారు. 1892 ఏప్రిల్‌లో వచ్చినది పోర్ట్ లూయిస్‌ను కూల్చేసింది. 1960 ఫిబ్రవరి చివర్లో కేరల్ అనే తుపాను వచ్చింది. అప్పటికి ఊళ్లలో గుడిసెల తర్వాతి తరం ఇళ్లు ఉండేవి. చెక్క గోడలు, రేకుల కప్పు. గాలి రేకులను కాగితాల్లా ఎగరగొట్టింది. వేలకు వేల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. ఇవాళ మారిషస్‌లో ఏ చిన్న ఊరికి వెళ్లినా ఇళ్లన్నీ కాంక్రీటువే కనిపించడానికి కేరల్ పెద్ద కారణం. డబ్బు చేతికొచ్చినప్పుడల్లా ఒక గది, తర్వాత ఒక అంతస్తు వేస్తూ పోతారు. పై అంతస్తు కొడుకు కోసమని స్లాబు మీద ఇనుప చువ్వలు నిక్కపొడుచుకుని ఉంటాయి. అది చూస్తే సికింద్రాబాద్ బస్తీ గుర్తు రాక మానదు.

ఇల్లు అయ్యాక గుడి. ఊరుకు మారిన తెలుగువాళ్లు ముందు కట్టుకున్నది రామమందిరమో, అమ్మోరి గుడో. విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు సింహాచలం అప్పన్నను మర్చిపోలేదు. సింహాద్రి అప్పన్న పూజ ఇప్పటికీ చేస్తారు. అమ్మోరు పండగ చేస్తారు. అన్నిటికంటే ముఖ్యం రామభజన. మధ్యలో దీపం పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ, అడుగులు వేస్తూ, రాత్రంతా పాడతారు. పాడేవాళ్లలో చాలామందికి తెలుగులో మాట్లాడటం రాదు. పాట వస్తుంది. కేంపుల్లో అందరికీ అర్థమయ్యే భాష భోజ్‌పురి. దుకాణంలో, రోడ్డు మీద ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్. బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. ఇన్నిటి మధ్య నలిగి, మూడో తరానికి తెలుగు ఇంటి మాటగా ఉండడం మానేసింది. గుడి మాటగా, పండగ మాటగా నిలిచింది. దీన్ని భాష చచ్చిపోవడం అనవచ్చా అంటే, తొందరపాటే అవుతుంది. పాట ఉన్నచోట బడి పెట్టవచ్చు. పెట్టారు కూడా.

అక్కడి ప్రభుత్వ బడుల్లో తెలుగును ఐచ్ఛిక భాషగా చదువుకోవచ్చు. మొకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పై చదువుల దాకా తెలుగు ఉంది. మారిషస్ ఆంధ్ర మహాసభ ఊరూరా శాఖలు పెట్టుకుని పండగలూ తరగతులూ నడుపుతుంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. మొదటివి 1975లో హైదరాబాదులో, రెండోవి 1981లో కౌలాలంపూర్‌లో. పండితుల ఉపన్యాసాలు ఆతిథ్యమిచ్చినవాళ్లలో ఎందరికి అర్థమవుతాయో గానీ, రామభజన మొదలైతే వంతపాడటానికి ఎవరికీ భాష అడ్డు రాదు.

ఇప్పుడు చాలా కుటుంబాలు వెనక్కి వెతుక్కుంటున్నాయి. పాత వలస రిజిస్టర్లు మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లోనే భద్రంగా ఉన్నాయి. ముత్తాత నంబరు తెలిస్తే పేజీ దొరుకుతుంది. జిల్లా గడిలో వైజాగపటాం అని ఉంటుంది. ఊరి గడిలో ఉన్నది చదవడమే కష్టం. తెలుగు ఊరి పేరు, ఇంగ్లీషు చెవి, ఫ్రెంచి చేతిరాత. ఆ అక్షరాలు పట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తిరిగినా ఊరు దొరక్కపోవచ్చు. మహేబూర్గ్‌లో పుట్టి ఫ్రెంచిలో రాసే నతాషా అప్పన్న 2023లో తన పూర్వీకుల మీద ఒక పుస్తకం వేశారు. తెలుగు నేల నుంచి కూలికి వెళ్లిన కుటుంబం ఆమెది. ఈ కూలీల బతుకును ముందే నవలగా రాసిన రచయిత్రి, సొంత ఇంటి కథ దగ్గరికి రావడానికి చాలా ఏళ్లు తీసుకున్నారు.

పాతవాళ్ల సంగతి అది. ఈ కాలంలోనూ తెలుగువాళ్లు మారిషస్‌కు మారుతూనే ఉన్నారు. ఎబెన్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలకు, హోటళ్లకు, నిర్మాణ పనులకు వెళుతున్నారు. చూసిరావడానికి వెళ్లే భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. పనిచేయడానికైతే ఆ పనికి సంబంధించిన పర్మిట్ తప్పనిసరి. అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఎండ కావాలంటే పడమటి తీరం, చల్లదనం కావాలంటే మధ్య ఎత్తు ప్రాంతం చూసుకోవాలి. మధ్య ప్రాంతంలో బట్టలు ఆరవు, గోడలకు బూజు పడుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాను హెచ్చరికలు వినాలి. ఒకటి నుంచి నాలుగు దాకా తరగతులుంటాయి. రెండో తరగతి ప్రకటించారంటే బడులు మూసేస్తారు. మూడో తరగతికి ఇంట్లో నీళ్లు, కొవ్వొత్తులు, తిండి సిద్ధంగా ఉండాలి. నాలుగో తరగతిలో గుమ్మం దాటకూడదు. ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుంది. కూరగాయల సంతలో మాత్రం నాలుగు ముక్కల క్రియోల్ రాకపోతే బేరం కుదరదు.

ఒక్క తేడా ఉంది. పాతవాళ్లకు రాళ్ల నేల కొనుక్కునే దారి ఒకటి దొరికింది. కొత్తవాళ్లకు అది అంత తేలిక కాదు. మారిషస్ పౌరులు కానివాళ్లు అక్కడ స్థలం గానీ ఇల్లు గానీ కొనడానికి 1975 నాటి చట్టం అడ్డుంది. ప్రభుత్వం అనుమతించిన ప్రత్యేక పథకాల కింద ఖరీదైన విల్లాలు, ఫ్లాట్లు కొనవచ్చు. మామూలు ఊళ్లో, మామూలు వీధిలో కొనాలంటే విడిగా అనుమతి తెచ్చుకోవాలి. అందుకని ఉద్యోగానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది అద్దె ఇళ్లలోనే ఉంటారు. ఉద్యోగం ముగిస్తే పర్మిట్ కూడా ముగుస్తుంది. కొన్నేళ్లు అక్కడే పనిచేసి, ఆదాయం చూపించగలిగినవాళ్లు శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.